ఏడు గంటల ఎండ

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి సుధాకరరావు ఆ అద్దాల పెట్టె ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చేతిలో ఇంకా మూడు గంటల యాభై నిమిషాలు ఉన్నాయి. సాయంత్రం ఆరింటికల్లా పేర్ల పట్టీ రాయి చెక్కేవాళ్లకి చేరాలి. మిషన్ మొదలయ్యాక దేవుడొచ్చి చెప్పినా అక్షరం మార్చరు. రేపు ఆదివారం పొద్దున ఆ రాయి మీద తెర తీస్తారు.

ఆ పట్టీలోంచి ఒక పేరు కొట్టేశారు. మేస్త్రీ సూరప్పడు.

యుద్ధం రోజుల్లో జపాన్ సైన్యం సింగపూర్ నుంచి సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రైలు పనికి తోలుకుపోయిన తెలుగు కూలీల పేర్ల రాయి అది. వెళ్లినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. సూరప్పడు వాళ్లకి మేస్త్రీ. ఆయన మాయమైనప్పుడు ఆయన కూతురు నాగమల్లేశ్వరి ఇంకా తల్లి కడుపులో ఉంది. ఇప్పుడావిడకి ఎనభై రెండేళ్లు, బుకిట్ పంజాంగ్‌లో ఉంటుంది. నాన్న పేరు రాయి మీద ఉంటుందని ఆర్నెల్లుగా కనపడినవాళ్లందరికీ చెప్పుకుంది. వారం కిందట రాయి పెట్టిస్తున్న తెలుగు సంఘం మీటింగులో అందరి ముందూ లేపి నిలబెట్టి, మీ నాన్న కూలీల్ని అమ్మేసిన మనిషి, పేరు తీసేస్తున్నాం అన్నారు. ఆవిడ ఏడవలేదు. మర్నాడు కర్ర పోటేసుకుంటూ సుధాకరరావు ఇంటికొచ్చి, "అబద్దమో నిజమో తేల్చు బాబూ. నిజమైతే నేనే నోర్మూసుకుంటాను" అంది.

అమ్మేశాడని చెప్పిన సాక్షి ఈ అద్దాల పెట్టెలో ఉంది. నల్లట్ట డైరీ. రాసినవాడు మేజర్ జనరల్ ఇసొగావా.

డైరీ సొంతదారు రామారావు పక్కనే నిలబడి ఉన్నాడు. మూడు తరాలుగా ఇక్కడున్న కుటుంబం. లిటిల్ ఇండియాలో కింద దుకాణం, పైన ఈ యుద్ధకాలం వస్తువుల గది. రాయి ఖర్చంతా ఆయనదే. అందుకే రాయి నెత్తిన ఆయన తాత కోదండపాణి పేరు పడుతుంది, జపాన్ వాళ్ల కాలంలో కూలీలకి అన్నం పెట్టిన మహానుభావుడని.

"సుధాకర్ గారూ, పెద్దావిడ బాధ నాకూ తెలుసండీ. కానీ చరిత్ర చరిత్రే కదా" అన్నాడు రామారావు.

"తెలిసింది లెండి. ఆ పేజీ ఓసారి చదివించండి."

అప్పుడు గోడకి ఆనుకుని ఉన్న గోపీకృష్ణ నవ్వాడు. నలభై రెండేళ్లు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, సొంత డిటెక్టివ్ ఆఫీసు, కింద పదకొండు మంది మనుషులు. డైరీ అసలుదేనని సర్టిఫికెట్ ఇచ్చింది అతనే. సుధాకరరావుకి ఆఫీసు లేదు. ఇరవై రెండేళ్లు షిప్‌యార్డులో ప్రమాదాలు ఎలా జరిగాయో వెతికి రిపోర్టులు రాసి, ఆ అనుభవంతో డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకున్న మనిషి.

"గురువుగారూ, ముప్పై ఎనిమిది పేజీల ల్యాబ్ రిపోర్టు ఇచ్చాను. కాగితం, సిరా, చేతిరాత. మీరు దాన్ని చదవకుండా డైరీ చదివిస్తానంటారేంటి?"

"నీ రిపోర్టు ఇంగ్లీషు నాకు బరువు నాయనా. నేను ఇంటర్ తప్పానని నువ్వే కదా ఊరంతా చెప్పావు."

"తప్పారా లేదా?"

"రెండుసార్లు" అన్నాడు సుధాకరరావు, దాచుకోకుండా. "తన్మయీ, రామ్మా. ఇలా కూర్చో."

తన్మయి యూనివర్సిటీలో జపాన్ యుద్ధకాలం మీద పీహెచ్‌డీ చేస్తోంది. గుంటూరు పిల్ల. డైరీని తెలుగులోకి మార్చింది ఆమే, మీటింగులో ఆ పేజీ చదివిందీ ఆమే. ఆ రోజు నుంచి నాగమల్లేశ్వరి మొహం చూడలేకపోతోంది.

"ముందు ఈ జనరల్ గారి జాతకం చెప్పు. పుట్టినప్పటి నుంచి వద్దు, యుద్ధం నుంచి."

"మొదట చైనాలో ఉన్నాడు అంకుల్. రైల్వే దళం ఆఫీసర్, పట్టాలు వెయ్యడం, వంతెనలు కట్టడం. నలభై ఒకటి డిసెంబర్‌లో మలయాలో దిగాడు. బ్రిటిష్ వాళ్లు వెనక్కి పోతూ పేల్చేసిన వంతెనలన్నీ బాగుచేసుకుంటూ వాళ్ల వెనకాలే వచ్చాడు. ఇక్కడికొచ్చేసరికి కర్నల్. ఇక్కడే మేజర్ జనరల్ అయ్యాడు. సయాం రైలుకి మనుషుల్ని పోగుచేసి పంపే ఆఫీసు ఆయనకి ఇచ్చారు. నలభై నాలుగులో బర్మాకి పంపేశారు. అక్కడే జ్వరంతో పోయాడు."

"రైల్వే వాడు. అంటే టైములు రాస్తాడు."

"నిమిషాలతో సహా. గుర్రం ఎక్కింది ఎప్పుడు, టీ తాగింది ఎప్పుడు, అన్నీ."

"బతికున్నంతకాలం మనల్ని పీక్కుతిన్నా, ఇవాళ నాకు పనికొచ్చే మనిషే. చదువు."

రామారావు తాళం తీశాడు. తన్మయి తెల్ల గ్లౌజులు తొడుక్కుని, గుర్తు పెట్టిన చోట డైరీ తెరిచింది. గొంతు సవరించుకుంది.

"జూన్ పంతొమ్మిది. ఏడు గంటల రెండు నిమిషాలు. ఆఫీసు కిటికీలోంచి స్టేషన్ యార్డు చూశాను. ఎండలో మేస్త్రీ సూరప్పడి మొహం స్పష్టంగా కనిపించింది. తన మనుషులు నలభై మంది పట్టీ తనే తెచ్చి ఇచ్చాడు. ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించాడు. వాడికి రెండు బస్తాల బియ్యం ఇప్పించాను."

"నలభై మూడో సంవత్సరం కదా?"

"అవునంకుల్."

సుధాకరరావు అరనిమిషం కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి నాగమల్లేశ్వరికి కలిపి, స్పీకర్ పెట్టి పెట్టె మీద ఉంచాడు.

"అమ్మా, సుధాకర్‌ని. ఒక్క మాట. జపానోళ్ల కాలంలో మీ అమ్మగారు పొద్దున పనికి ఎలా వెళ్లేది?"

"ఎలాగేటి బాబూ, నడిసే."

"అది కాదు. ఎన్నింటికి?"

"ఏడుకి గంట కొట్టీసేవోరట. కూలీల లైనిళ్ల ముందర నిలబెట్టి తలకాయలు లెక్కెట్టేవోరు. సీకటి బాబూ, సెయ్యి ఇలగెట్టుకుంటే కనబడదు. లాంతర్లట్టుకుని తిరిగేవోరు. ఏడైపోయిందంటాడు, ఇంకా కోడైనా కుయ్యలేదు. జపానోడొచ్చి పొద్దుని కూడా ఆలీసం సేసీసినాడని మా అమ్మ నవ్వేది."

"సరే అమ్మా. మళ్లీ చేస్తా."

ఫోన్ పెట్టేసరికి గోపీకృష్ణ చప్పట్లు కొడుతున్నాడు, మెల్లగా, రెండు వేళ్లతో.

"ల్యాబ్ రిపోర్టుకి జవాబు ఇదా గురువుగారూ? ఎనభై రెండేళ్ల ఆవిడకి వాళ్లమ్మ చెప్పిన కబురు."

"నువ్వు తన్మయి మొహం చూడు ఒకసారి" అన్నాడు సుధాకరరావు.

తన్మయి మొహం పాలిపోయి ఉంది. వేలు ఆ పేజీ మీదే ఆగిపోయింది.

"టోక్యో టైము" అంది చిన్నగా. "జపాన్ వాళ్లు ఈ ఊరు పట్టుకోగానే గడియారాలన్నీ టోక్యో టైముకి మార్పించారు. ఆఫీసులు, రైళ్లు, అన్నీ. ఇప్పుడు మన గడియారం కంటే అది గంట ముందు. ఆయన ఏడు అని రాస్తే మనకి ఆరు. ఇక్కడ ఆరింటికి..."

"కిటికీలోంచి చూస్తే ఏం కనిపిస్తుంది రామారావు గారూ?"

రామారావు పెట్టె అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

"నేను చెప్తా. నాకు షుగరు, రోజూ ఆరింటికి వాకింగుకి పోతా. కుక్క పక్కనుంచి పోయినా కనిపించదు. ఏడయ్యాక గానీ ఎండ పడదు. ఏడాది పొడుగునా అంతే, ఈ ఊరికి చలికాలం ఎండాకాలం తేడా లేదు. మరి జనరల్ గారికి చీకట్లో, కిటికీలోంచి, యార్డు అవతల, ఒక మేస్త్రీ మొహం ఎండలో స్పష్టంగా ఎలా కనపడిందీ?"

"నాకు తెలుసు అంకుల్" అంది తన్మయి. "టోక్యో టైము సంగతి నా థీసిస్‌లోనే ఉంది. అయినా చదివినప్పుడు తేడా కొట్టలేదు. నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నా కదా. ఏడంటే ఎండ అని అలవాటైపోయింది."

"నీకే కాదమ్మా. ఈ పేజీ రాయించినవాడికీ అదే అలవాటు. అందుకే దొరికాడు."

గోపీకృష్ణ గోడ దగ్గర్నుంచి కదిలాడు. నవ్వు పోయింది గానీ ధీమా పోలేదు. "ఆగండి. ఆ రోజు వాచీ తప్పేమో. జనరల్ వాచీ మార్చుకోలేదేమో. ఒక్క లైను పట్టుకుని పేజీ అబద్ధమంటే కోర్టులో నిలబడదు."

"మంచి ప్రశ్న. తన్మయీ, వెలుతురు, చీకటి, దీపం, లాంతరు, ఈ మాటలున్న చోట్లు వెతుకు. ఆ జూనుకి అటూ ఇటూ."

ఇరవై నిమిషాలు పట్టింది. రామారావు రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు.

"మే ముప్పై" అంది తన్మయి. "ఎనిమిది గంటల అయిదు నిమిషాలు, ఇప్పుడే బల్ల మీదకి ఎండ వచ్చింది. జూన్ పదకొండు, ఏడున్నర, లాంతరు పట్టుకుంటే గుర్రానికి జీను వేశారు. జూన్ ఇరవై అయిదు, ఏడూ పది, ఇంకా చుక్కలున్నాయి. అంతే అంకుల్. పంతొమ్మిదిన ఒక్కరోజే సూర్యుడు గంట ముందు వచ్చాడు."

"పెళ్లికి తొందరేమో" అన్నాడు సుధాకరరావు. "ఏమంటావు నాయనా?"

"కాగితం పాతదే" అన్నాడు గోపీకృష్ణ మొండిగా. "ల్యాబ్ చెప్పింది. మిగతా పేజీల కాగితమే అది. అది అబద్ధం ఆడదు."

"ఆడదు. చివరికి తిప్పమ్మా."

డైరీ చివర ఖాళీ కాగితాలు. సుధాకరరావు జేబులోంచి చిన్న టార్చి తీసి, కుట్టు దగ్గర ఏటవాలుగా వేశాడు. నాలుగో ఖాళీ కాగితానికీ అయిదోదానికీ మధ్య, వెంట్రుకంత అంచు మిగిలి ఉంది. బ్లేడుతో నిలువునా కోసిన అంచు. మిగతా అంచులన్నీ పసుపుపచ్చ, అదొక్కటే తెల్లగా ఉంది.

"ఇక్కడి కాగితం తీసుకెళ్లి అక్కడ కుట్టారు. నీ ల్యాబ్ కాగితాన్ని అడిగింది, కాగితం నిజమే చెప్పింది. పాపం పొద్దుని ఎవరూ అడగలేదు."

గోపీకృష్ణ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచినప్పుడు అతని చూపు రామారావు వైపు వెళ్లి, వెంటనే తిరిగి వచ్చింది. ఆ చూపుని సుధాకరరావు ఒడిసిపట్టుకున్నాడు.

"రామారావు గారూ, ఈ డైరీ ఎప్పుడైనా ఈ గది దాటిందా?"

"లేదండీ. ఇన్సూరెన్సు షరతు. పెట్టె తెరిస్తే పుస్తకంలో రాయాలి. తాళాలు రెండే, నాదొకటి, గోపీదొకటి."

సుధాకరరావు ఆ రిజిస్టరు తిప్పాడు. డైరీ కొని ఇందులో పెట్టాక పెట్టె అయిదుసార్లు తెరిచారు. నాలుగు ల్యాబ్ వాళ్లకీ తన్మయికీ. అంతకుముందు ఒకటి, ఏప్రిల్ పద్నాలుగు. పది నలభైకి తెరిచి, పది యాభై అయిదుకి మూశారు. సంతకం గోపీకృష్ణది.

"పెట్టెలో ఈ మూల ఉన్న డబ్బా ఏంటి?"

"తేమ కొలిచేది" అన్నాడు రామారావు. "తలుపు తీస్తే బయటి తేమ లోపలికొస్తుంది, ముల్లు ఎగురుతుంది. నిమిష నిమిషానికీ రాసుకుంటుంది, పాడవకుండా."

"అద్భుతమైన వస్తువు. ఏప్రిల్ పద్నాలుగుది చూపించండి."

రామారావు కదల్లేదు. తన్మయి తన ఫోన్‌లో చూసి చూపించింది, పని మొదలుపెట్టినప్పుడే ఆమెకి ఆ లెక్కలన్నీ ఇచ్చారు. ఆ రోజు ముల్లు రెండుసార్లు ఎగిరింది. పదిన్నర దాటాక ఒకసారి. సాయంత్రం అయిదుంపావుకి ఇంకోసారి.

"పుస్తకంలో ఒక్కసారి, డబ్బాలో రెండుసార్లు. మధ్యలో ఆరున్నర గంటలు డైరీ ఎక్కడుంది గోపీ?"

గోపీకృష్ణ చొక్కా మడత సర్దుకున్నాడు. "రిపేరుకి. కుట్టు వదులైంది. సార్ తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లా."

"ఎవరి దగ్గరికి?"

"ఇంక చాలండీ" అన్నాడు రామారావు. గొంతులో తేనె పోయింది. "ఇది నా గది. మీరు బయల్దేరండి. ఆరు దాటాక మీ అనుమానాలన్నీ కాగితం మీద రాసి పంపండి, తీరిగ్గా చదువుతా."

మెట్లు దిగుతుంటే టైము మూడూ నలభై. కింద కూరగాయల దుకాణం ముందు తన్మయి సుధాకరరావు చెయ్యి పట్టుకుని ఆపింది.

"తారా ఆంటీ అయ్యుంటుంది అంకుల్. చోవా చూ కాంగ్‌లో ఉంటారు. పాత పుస్తకాలు కుట్టేది మనవాళ్లలో ఆవిడొక్కరే. యూనివర్సిటీ పుస్తకాలు కూడా ఆవిడకే ఇస్తాం."

"పద. ట్రైన్‌లో పోదాం, కారు వాన ముందు ఓడిపోతుంది."

కానీ ఆ రోజు వాన పడలేదు, కారే ముందు చేరింది. అయిదు గంటల అయిదు నిమిషాలకి తొమ్మిదో అంతస్తులో తారాదేవి తలుపు తీసేసరికి, లోపల సోఫాలో గోపీకృష్ణ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద టీ కప్పు, పొడుగాటి ఖాకీ కవరు, తెరిచి పెట్టిన నోటు పుస్తకం, పెన్ను.

"ఏంది, ఇవాళ పెళ్లిచూపులకి వచ్చినట్టు అందరూ ఒకేసారి" అంది తారాదేవి. అరవై దాటిన మనిషి, వేళ్లకి జిగురు, మెడలో రెండు కళ్లజోళ్లు. "తన్మయీ, మకాన్ అయిందా, తిన్నావా? మీరు కూర్చోండన్నా. చెప్పులు ఆడ వదలండి."

సుధాకరరావు కూర్చోలేదు. "అమ్మా, ఏప్రిల్ పద్నాలుగున ఈ అబ్బాయి మీ దగ్గరికి నల్లట్ట డైరీ తెచ్చాడా?"

"తెచ్చినాడు. ఒక పేజీ తప్పుది, ఎవరో కాపీ పెట్టినారు, అసలుది ఈ కవరులో ఉంది, మార్చి కుట్టండి అన్నాడు. కుట్టినాను. నాకు జపాను చదవ రాదు."

"తీసిన పేజీ?"

"ఇదో" అని ఖాకీ కవరు చూపించింది. "పాత కాగితం పారేసే చెయ్యి కాదు ఇది. పుస్తకంలోంచి ఏది ఊడినా, దారం ముక్కైనా సరే, తేదీ వేసి కవరులో పెడతా. ముప్పై ఏళ్లుగా అంతే. ఇందాక రామారావన్న ఫోన్ చేసి, ఆ పేజీ ఉందా అని అడిగి, గోపీకి ఇచ్చెయ్యమన్నాడు. ఇస్తా, నాకేం. కానీ నా పుస్తకంలో రాసి పోవాల. ఏం తీసుకుపోతున్నాడో తన చేత్తో రాసి సంతకం పెట్టాల. ఇరవై నిమిషాలుగా పెన్ను పట్టుకుని కూర్చున్నాడు చూడు."

సుధాకరరావు నోటు పుస్తకం వైపు చూశాడు. తేదీ రాసి ఉంది. కింద ఒక్క అక్షరం లేదు.

"రాయవయ్యా" అన్నాడు మెల్లగా. "ఇసొగావా డైరీలోంచి తీసిన అసలు పేజీ, ముట్టింది, గోపీకృష్ణ. ఒక్క లైనే కదా."

గోపీకృష్ణ తలెత్తాడు. "మీరు అనుకుంటున్నట్టు కాదు. నాకు సీలు వేసిన కవరు ఇచ్చారు. అసలు పేజీ జపాన్‌లో దొరికిందన్నారు. నమ్మాను."

"నమ్మి సర్టిఫికెట్‌లో రాయలేదేం? పేజీ మార్చాం అని?"

"సార్ వద్దన్నారు. డైరీ అమ్మేటప్పుడు ఇబ్బంది అన్నారు."

"ఆయనకి జపాన్ భాష రాదు కదా. డైరీ గురించి పేపర్లో వేయించుకుని, తర్వాత, పెట్టెలో పెట్టకముందే, ఫోన్‌లో పేజీలు ఫోటో తీసి చదివించుకుని, వెనక ఖాళీ కాగితం ఒకటి కోసుకుని ఉంటాడు. చదివాక డైరీని దాచలేడు, అందరికీ చెప్పేశాడు. పేజీనే మార్చగలడు. ఆయనకి అక్కర్లేని మాట ఆ కవరులో ఉంది. అదేంటో నీకు తెలీదు, నాకు తెలీదు. తన్మయికి తెలుస్తుంది. నువ్వు పదిహేనేళ్లు కట్టుకున్న పేరు ఆ సర్టిఫికెట్ కింద ఉంది గోపీ. నేను నిన్ను దొంగ అనను. తెలియక సంతకం పెట్టాడు అంటాను. కానీ ఆ కవరు జేబులో పెట్టుకుని మెట్లు దిగావంటే ఆ మాట అనలేను."

టైము అయిదూ ఇరవై ఎనిమిది. సంఘం షరతు అందరికీ తెలుసు: గోపీకృష్ణ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటే ఆ పేరు మళ్లీ పట్టీలోకి ఎక్కుతుంది. ఇంకెవరు ఏం చెప్పినా ఎక్కదు.

గోపీకృష్ణ కవరు తీసి తన్మయి చేతికి ఇచ్చాడు. "చదువు" అన్నాడు. "నేనూ వింటా."

తారాదేవి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది. దాని మీద ఆ కాగితం పెట్టి, తన్మయి మొదట కళ్లతో చదువుకోబోయింది.

"ఆగమ్మా. వినాల్సిన మనిషి ఒకావిడ ఉంది" అన్నాడు సుధాకరరావు. నాగమల్లేశ్వరికి ఫోన్ కలిపాడు. "అమ్మా, అసలు కాగితం దొరికింది. ఇంకా ఎవరమూ చదవలేదు. మంచైనా చెడైనా ఇప్పుడే తెలుస్తుంది. చదవమంటారా?"

"సదవమను బాబూ."

"జూన్ పంతొమ్మిది" అని మొదలుపెట్టింది తన్మయి. "ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. యార్డులోకి వెలుతురు వచ్చింది. దుబాసీ తెచ్చిన పట్టీలో నలభై పేర్లు ఉన్నాయి. దుబాసీ కోదండపాణి ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపించాడు. రెండు బస్తాల బియ్యం..."

ఆగిపోయింది.

"కోదండపాణి" అన్నాడు గోపీకృష్ణ. రాయి నెత్తిన ఉన్న పేరు. రామారావు తాత.

సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. రామారావు. గోపీకృష్ణ స్పీకర్ నొక్కాడు.

"తీసుకున్నావా?"

"నా దగ్గరే ఉంది సార్."

"అక్కడే చింపెయ్. కింద కార్ పార్కులో ఉన్నా, ముక్కలు నాకు తెచ్చివ్వు."

"ఇందులో మీ తాతగారి పేరుంది సార్."

"గోపీ, జాగ్రత్తగా విను. పేజీ మోసుకెళ్లింది నువ్వు. రిజిస్టరులో తప్పు టైము రాసింది నువ్వు. సర్టిఫికెట్ నీది. నా సంతకం ఎక్కడా లేదు. నేను మునగను, నువ్వు మునుగుతావు. పైకొస్తున్నా, తలుపు తియ్యి."

ఫోన్ ఆగింది. తారాదేవి లేచి ఇనప గేటు గడియ వేసి, తాళం కూడా వేసింది. "నా ఇల్లు. నేను తీస్తేనే తెరుచుకుంటాది" అని వచ్చి కూర్చుంది.

"అంతేనా బాబూ?" అంది ఫోన్‌లో నాగమల్లేశ్వరి. "మా నాన సంగతి లేదేటి?"

"ఉందమ్మా" అంది తన్మయి. ఆమె కళ్లు కాగితం కింది భాగం మీద పరిగెత్తి, మళ్లీ వెనక్కి వచ్చాయి. పైకి చదివింది.

"వాళ్ల మేస్త్రీ పేరు పట్టీలో లేదు. పిలవకుండానే ముందుకొచ్చాడు. వాడి పేరు సూరప్పడని దుబాసీ చెప్పాడు. నలభై మందినీ వదిలెయ్యండి, వాళ్ల బదులు నన్ను తీసుకెళ్లండి, నలుగురి పని నేనొక్కణ్ణే చేస్తాను అన్నాడు. వాడి భార్య గర్భిణి అని కూడా దుబాసీ చెప్పాడు. ఇలాంటి మనిషి పనికొస్తాడు. తొమ్మిది గంటల పద్నాలుగు నిమిషాలకి బండి కదిలింది. నలభై ఒక్క మందిని పంపాను."

తలుపు గంట మోగింది. ఎవరూ లేవలేదు. మళ్లీ మోగింది, ఈసారి వేలు తియ్యకుండా.

సుధాకరరావు ఫోన్ దగ్గరికి వంగి, "విన్నారా అమ్మా?" అన్నాడు.

"విన్నాను. మమ్మల్నొగ్గీసి ఎల్లిపోనాడని మా అమ్మ సచ్చేదాకా అనుకుంది" అంది. "టైమెంతైంది బాబూ?"

"అయిదూ నలభై తొమ్మిది."

"మరైతే ఏడుపు తర్వాత. ఆ బాబుని ముందు కాయితం పంపీమను."

గోపీకృష్ణ అప్పటికే సంఘానికీ రాయి చెక్కేవాళ్లకీ ఫోన్‌లో టైపు చేస్తున్నాడు. గేటు ఊచలు పట్టుకుని బయట రామారావు ఏదో అరుస్తున్నాడు. సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నానని ఒక లైను, రిజిస్టరులో తప్పు రాసింది నేనేనని ఒక లైను. నెత్తిన ఉన్న పేరు ఎందుకు ఉండకూడదో ఇంకో లైను. ఆ కాగితం ఫోటో తీసి జత చేశాడు. పంపే ముందు ఆగి, మొట్టమొదటిసారి వెటకారం లేకుండా సుధాకరరావు వైపు చూశాడు.

"పట్టీలో ఆ నలభై పేర్లు వరుసగా ఉన్నాయి గురువుగారూ. ఆయన మేస్త్రీ కదా. మొదట వెయ్యమని రాయనా?"

సుధాకరరావు ఫోన్ వైపు చెయ్యి చూపించాడు. జవాబు అటువైపు నుంచే వచ్చింది.

"సివర్న ఎయ్యి నాయనా. ఆ నలభై మందీ బండెక్కినాకే మా నాన ఎక్కుంటాడు."